క్రొత్త కెమెరా, పాత కటకము

మా యింట నికాన్ డి90 కెమెరా పెక్కేండ్లుగా నున్నది. అది 2008వ సంవత్సరమున వెలువడినది. మా వారి పాఠశాల వార్షికోత్సవములు, పిల్లల యక్షరాభ్యాసములు, ఆడుబిడ్డల పెండ్లిండ్లు నన్నియు దానియందే నిలిచినవి. దానిని మార్చవలెనని మాకెన్నడును తోచలేదు.

గడచిన కార్తికమున మా యత్తగారు తులసికోటయొద్ద దీపము వెట్టుచుండగా బటము దీసితిమి. వారికి ఎనుబదియేండ్లు దాటినవి. కన్నులకు శస్త్రచికిత్స యైనది మొదలు ఫ్లాషు వెలుగు వారికి సరిపడదు. కటకమును పూర్తిగా దెఱచి, కెమెరా గ్రహణశక్తిని దెలుపు ఐ.ఎస్.ఓ. సంఖ్యను 3,200 వఱకు బెంచితిమి. డి90కి సహజమైన హద్దు అంతియే. ముఖమంతయు నిసుక చల్లినట్లయ్యెను. వెలుగు చాలనపుడు యంత్రము తన కందిన కొంచెమును బెంచి చూపును. దానితో దోషమును బెరుగును.

ఇక నాలసింపరాదని చీటీసొమ్ము చేతికి రాగానే యంగడికి బోయితిమి. అచ్చట మాకు మొదట జూపినది డి5600. తేలికయైనది, వెలయు దక్కువ. మెగాపిక్సెళ్లు 12 గాదు, 24 అని యంగడివారు మఱిమఱి చెప్పిరి. గోడకు దగిలించు చిన్నపటమునకు 12 చాలునని మే మెఱుగుదుము గాన ఆ మాటకు లొంగలేదు గాని, వెలకు లొంగబోయితిమి. అంతలో మా వారు సంచిలోని పాత 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 డి కటకమును దీసి దానికి దగిల్చిరి. మీట నొక్కినను రూపము తనంతట తేటపడలేదు. ఆ కటకములో మోటారు లేదు. దానిని ద్రిప్పవలసినది కెమెరాలోని మోటారు. అది డి90లో గలదు, డి5600లో లేదు. చేతితో ద్రిప్పుకొనవచ్చును గాని, దీపము వెట్టు ముసలియామెను అంతదాక కదలవలదనుట యెట్లు? అద్దము లేని జెడ్ తరగతి కెమెరాలకు ఎఫ్‌టీజెడ్ తొడుగు వేసినను ఈ కటకమున కదే గతి. సోదరీమణులారా, అంగడికి బోవునపుడు మీ కటకములను వెంట గొనిపొండు.

తుదకు, 2017లో వెలువడిన డి7500ను, ఒకరు వాడినదానిని, కొంటిమి. దానిలో మోటారు గలదు; ఐ.ఎస్.ఓ. హద్దు 51,200. మా పాత కార్డులు దానికి బట్టినవి, బ్యాటరీలు పట్టలేదు. డి90ని పెద్దవాని కిచ్చితిమి. పగటివెలుగున దానికి నేటికిని వంక లేదు.

ముక్కోటి యేకాదశి తెల్లవారుజామున, దీపమొక్కటియే వెలుగగా, 6,400 నొద్ద నత్తగారి పటము దీసితిమి. వారు దానిని కన్నులకు దగ్గఱగా బట్టి చాలసేపు చూచి, “అమ్మాయీ, నా ముక్కుపుడక యింత యరిగినదా!” అనిరి.