ముందు కనబడాలి... ఆ తర్వాతే అందం!

జెండా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఆగస్టు పదిహేను. బడిలో పిన్నీసుతో గుచ్చుకున్న కాగితం జెండా, ఆ తర్వాత చేతిలో పెట్టే చాక్లెట్టు. కాస్త పెద్దయ్యాక ఎన్నికల జెండాలు, తీర్థంలో రంగుల తోరణాలు. వీటన్నిటినీ చూసి ముచ్చటపడటమే గానీ అవి ఎవరు కుడతారు, ఏ బట్టతో కుడతారు, గాలికి ఎన్నాళ్లు ఆగుతాయి అని ఎప్పుడైనా ఆలోచించామా? ఆలోచించాల్సిన అవసరం నాకు కిందటేడు వచ్చింది.

కథలు రాసుకోవడం, మధ్యాహ్నం తీరిక వేళ మిషను కుట్టుకోవడం... ఇవి రెండూ నా వ్యాపకాలు. జాకెట్లు, లంగాలు, గలేబులు దాటి నా మిషను ఎన్నడూ బయటికి పోలేదు. అలాంటిది అమెరికా ఎడారిలో ఇసుక దిబ్బలెక్కే బండ్లకి పన్నెండు జెండాలు కుట్టి పంపాను. కారణం మా చెల్లెలు. వాళ్లు ఉండేది శాండియాగోలో. మా మరిదికి సెలవొస్తే చాలు, స్నేహితులతో కలిసి ఇసుకలో బండ్లు తోలే సరదా. పదకొండు కుటుంబాలు కలిసి ఓ క్లబ్బు పెట్టుకున్నారు. క్లబ్బంటూ ఉన్నాక జెండా వద్దూ?

"వదినగారూ, ఇక్కడ కొనేవన్నీ ఒకేలా ఉంటాయి. మీ చేత్తో కుడితే మా క్లబ్బుకంటూ ఓ గుర్తు ఉంటుంది" అని ఫోన్లో అడిగాడు. సరేనన్నాను. అక్కణ్నించి మొదలైంది నా చదువు!

దిబ్బ అవతల ఎవరున్నారు?

వాళ్లు వెళ్లే చోటు పేరు ఇంపీరియల్ ఇసుక దిబ్బలు. అక్కడివాళ్లు పక్కనున్న ఊరి పేరుతో గ్లామిస్ అంటారట. కాలిఫోర్నియాకి ఆగ్నేయ మూలన, మెక్సికో సరిహద్దు దాకా సుమారు 40 మైళ్ల పొడవున, ఐదు మైళ్ల వెడల్పున ఇసుకే ఇసుక. కొన్ని దిబ్బలు 300 అడుగుల ఎత్తుంటాయి. 1983లో వచ్చిన 'రిటర్న్ ఆఫ్ ది జెడై' సినిమాలో ఎడారి దృశ్యాలు కొన్ని ఇక్కడే తీశారు. ఉత్తర భాగాన్ని 1994లో అభయారణ్యంలా కాపాడాలని చట్టం చేశారు, అందులోకి బండ్లు పోకూడదు. మిగతా చోట్ల అక్టోబరు నుంచి వేసవి మొదలయ్యేదాకా ఒకటే సందడి.

ఇక అసలు సంగతి. ఇసుక దిబ్బ ఎక్కాలంటే బండి వేగం తగ్గించకూడదు, తగ్గిస్తే కూరుకుపోతుంది. అంత వేగంతో కొసకి చేరేదాకా అవతలి వైపు ఏముందో కనబడదు. అటు నుంచి ఇంకో బండి అంతే వేగంతో ఎక్కుతూ ఉంటే? హారన్ మోగించినా ఇంజన్ల రొదలో వినబడదు. అందుకే ప్రతి బండికీ సన్నటి పొడవాటి కడ్డీ బిగించి, దాని కొసన ఎర్ర జెండా గానీ నారింజ రంగు జెండా గానీ కట్టాలని అక్కడ నిబంధన. కడ్డీ కొస నేల నుంచి 8 అడుగుల ఎత్తుండాలి. జెండా 6 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవుకి తగ్గకూడదు. కడ్డీ కొసకి 10 అంగుళాల లోపే ఉండాలి. దాని మీద బొమ్మలు, రాతలు ఉండకూడదు. బండి కనబడక ముందే దిబ్బ మీంచి ఆ రంగు గుడ్డ తొంగి చూస్తుందన్నమాట.

మరి క్లబ్బు జెండా? అదీ కట్టుకోవచ్చు. అయితే ఆ నారింజ జెండాకి కింద కట్టాలి, లేదా వేరే కడ్డీకి కట్టుకోవాలి.

మా మరిది పంపిన బొమ్మలో మాత్రం క్లబ్బు జెండా అన్నిటికన్నా పైన ఉంది! నారింజ గుడ్డ కింద ఎక్కడో చిన్నగా వేలాడుతోంది. ఫొటోల్లో అలా అయితే బావుంటుందట. పైగా ఇప్పుడున్న జెండాలు ఎలా ఉన్నాయో ఫొటో పంపమంటే, ఎండకి వెలిసి గులాబీ రంగులోకి వచ్చాయి. ఒకదానికి సగం బట్టే లేదు.

"కడ్డీ మీద ఏదో ఒకటి ఉందంటే చాలు వదినగారూ, అందరం ఒకళ్లనొకళ్లం చూసుకుంటూనే తోలతాం" అన్నాడు.

"మీరు చూసుకుంటారు బాబూ, అవతలి నుంచి వచ్చేవాడికి మీరెవరో తెలీదుగా! పక్క సీట్లో పిల్లాడు కూర్చుంటాడు" అన్నాను. మా చెల్లెలి కొడుక్కి పన్నెండేళ్లు. ఫోన్లో కాసేపు మాట లేదు. ప్రతి క్లబ్బు జెండాతో పాటు ఒక కొత్త నారింజ జెండా కూడా కుడతాననీ, అదే పైన ఉంటుందనీ, ఒప్పుకుంటేనే మిషను ముందు కూర్చుంటాననీ చెప్పాను. ఒప్పుకున్నాడు. మా చెల్లెలు తర్వాత విడిగా ఫోన్ చేసి, "నేను రెండేళ్లుగా చెబుతున్నానక్కా ఈ మాట" అంది. ఇంట్లోవాళ్లు చెబితే ఎవరు వింటారు చెప్పండి?

అటువైపు నుంచి చదివితే...

క్లబ్బువాళ్లు గీసిన జెండాలో లేనిది లేదు. తేలు బొమ్మ, వెనక కొండ, కొండ మీద సూర్యుడు, క్లబ్బు పూర్తి పేరు, పెట్టిన సంవత్సరం. కాగితం మీద చూడముచ్చటగానే ఉంది. కానీ గాలికి రెపరెపలాడే పద్దెనిమిది అంగుళాల గుడ్డ మీద ఇవన్నీ ఎవరికి కనబడతాయి? బోర్డులు రాసేవాళ్ల దగ్గర ఓ లెక్కుంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం చొప్పున అక్షరం ఎత్తు పెంచుకుంటూ పోవాలి. యాభై అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే ఒక్కో అక్షరం ఐదంగుళాలుండాలి. పూర్తి పేరు రాయాలంటే దుప్పటి కుట్టాలి!

ఇంకో చిక్కు ఉంది. జెండాకి రెండు వైపులుంటాయి. పల్చటి బట్ట మీద ఒకవైపు పేరు కుడితే రెండో వైపు నుంచి అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడుతుంది. రెండు వైపులా సరిగ్గా రావాలంటే రెండు గుడ్డలు, వెలుతురు దూరకుండా మధ్యన ఇంకో గుడ్డ... వెరసి మూడు పొరలు. అంత బరువైతే చిరుగాలికి లేవదు, ఉతికిన బొంతలా వేలాడుతుంది.

అందుకని చిన్న జెండాల మీద తేలు ఒక్కటే ఉంచాను. పైనుంచి చూసినట్టు గీస్తే తేలు ఎడమా కుడీ ఒకేలా ఉంటుంది. ఏ వైపు నుంచి చూసినా తేలే. పసుపు పచ్చ గుడ్డ మీద నల్ల తేలు. ఈ రెండు రంగులూ దూరానికి బాగా విడివిడిగా తెలుస్తాయి. నీలం మీద నలుపు, ఆకుపచ్చ మీద ఎరుపు దగ్గర్నుంచి ఎంత బావున్నా దూరం నుంచి కలిసిపోతాయి. క్లబ్బు పేరు మాత్రం పన్నెండో జెండా మీద పెద్దగా, మూడు పొరలతో కుట్టాను. అది బండికి కాదు, గుడారాల దగ్గర పెద్ద స్తంభానికి. ఇసుకలో తిరిగి తిరిగి వచ్చేవాళ్లకి తమ మకాం ఎక్కడో దూరం నుంచే ఆనవాలు తెలియాలి కదా.

లంగా బొందు, ఫాల్ పీకో

బట్ట కొనేముందు మూడు రకాల ముక్కలు తెచ్చాను: నూలు పాప్లిన్, నైలాన్, పాలిస్టర్. మా డాబా మీద దండేనికి కట్టి నెల రోజులు గాలికీ ఎండకీ వదిలేశాను. నూలు ముక్క కొసన దారాలు లేచిపోయి కుచ్చులా తయారైంది. తడిస్తే బరువెక్కి ఓ పట్టాన ఆరదు కూడా. నైలాన్ తేలిక, కాస్త గాలికే లేస్తుంది. పాలిస్టర్ కొంచెం బరువు, కానీ ఈడ్చి కొట్టే గాలికి ఎక్కువ ఓర్చుకుంటుంది. బండ్లకి నైలాన్, పెద్ద స్తంభానికి పాలిస్టర్ ఎంచుకున్నాను.

జెండా ముందు చిరిగేది కర్ర వైపు కాదు, గాలిలో కొట్టుకునే కొస వైపు. కొరడా ఝళిపించినట్టు ఆ అంచు క్షణానికోసారి విదిలించుకుంటూ ఉంటుంది. బండి వేగం రెట్టింపయితే గాలి దెబ్బ నాలుగింతలవుతుంది. అందుకే కొసన బట్టని మూడు మడతలు వేసి నాలుగు వరసలు కుట్టాను. మూలల్లో ముందుకీ వెనక్కీ కుట్టి గట్టి చేశాను. దారం నూలుది కాకుండా పాలిస్టర్ది. నైలాన్ అంచులు పోగులు పోకుండా కొవ్వొత్తి సెగకి కొద్దిగా చూపించాలి, మరీ దగ్గరకి పెడితే ముడుచుకుపోతుంది. ఈ పని పిల్లల చేత చేయించకండి.

తేలుని విడిగా కత్తిరించి, గుడ్డ మీద పెట్టి, జిగ్‌జాగ్ కుట్టుతో చుట్టూ కుట్టాను. మన చీరలకి పీకో చేస్తామే, అదే కుట్టు! తర్వాత వెనక్కి తిప్పి తేలు లోపలి పసుపు గుడ్డని జాగ్రత్తగా కత్తిరించేస్తే రెండు వైపులా నలుపే కనబడుతుంది, బరువూ తగ్గుతుంది. కర్ర వైపు గొట్టం కూడా కొత్త విద్యేం కాదు. లంగాకి బొందు దూర్చడానికి నడుం దగ్గర మడిచి కుడతామే, అచ్చంగా అలాగే. నారింజ జెండాకి గొట్టం పైమూతి కుట్టేశాను, కడ్డీ కొస నుంచి కిందికి జారిపోకుండా. క్లబ్బు జెండాకి రెండు మూతులూ తెరిచే ఉంచి పైనా కిందా ప్లాస్టిక్ టైలు బిగించమన్నాను.

బిగింపులో ఉంది భద్రం

కుట్టడం నా వంతు, బిగించడం వాళ్ల వంతు. అయినా అడిగి తెలుసుకున్నాను. కడ్డీ ఫైబర్‌గ్లాసుది, వంగుతుంది గానీ తొందరగా విరగదు. అడుగున స్ప్రింగు ఉంటే కొమ్మలు తగిలినా వంగి లేస్తుంది. దాన్ని బండి చట్రానికి బోల్టుతో బిగించాలే గానీ ప్లాస్టిక్ భాగాలకి కాదు, కుదుపుకి అవి పగిలిపోతాయి. జెండా డ్రైవరు కళ్లకి అడ్డం రాకూడదు. వెనక దీపాలనీ నంబరు పలకనీ కప్పకూడదు. కుదుపులకి నట్లు వదులవుతాయి కనక బయల్దేరే ముందు చేత్తో తిప్పి చూసుకోవాలి. బండిని ట్రెయిలర్ మీద ఎక్కించేముందు కడ్డీ తీసేయాలి, పైన కరెంటు తీగలుంటాయి. రోడ్డు మీద అంత వేగానికి జెండా ఉంచితే ఇంటికి చేరేసరికి కుచ్చే మిగులుతుంది!

మూడు రంగుల మీద రాతలా?

ఆ క్లబ్బులో మనవాళ్లు ఇంకో రెండు కుటుంబాలున్నారు. జనవరి 26కి మన జెండా తెల్ల పట్టీ మీద క్లబ్బు పేరు కుట్టిస్తే బండి ముందు భాగం మీద పరుస్తామని వాళ్ల ముచ్చట. ఈ ఒక్క పనీ చెయ్యనని చెప్పేశాను. 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న మన జెండా నియమావళి ప్రకారం జాతీయ జెండా మీద ఎలాంటి రాతా ఉండకూడదు. బండి ముందు, పైన, పక్కన, వెనక ఎక్కడా దాన్ని కప్పకూడదు. మన దేశంలో కారు మీద ఆ జెండా ఎగరేసే హక్కు రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, మంత్రులు వంటి కొందరికే ఉంది. చిత్రమేమిటంటే అమెరికా జెండా నియమాలు కూడా రాతలొద్దనీ, బండికి కప్పొద్దనీ దాదాపు ఇవే మాటలు చెబుతాయి. మన జెండాకి ఓ రూపమిచ్చి 1921లో బెజవాడలో గాంధీజీ చేతికిచ్చిన పింగళి వెంకయ్యగారిది మన కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. ఆ గౌరవం మన తెలుగువాళ్లం కాకపోతే ఇంకెవరు నిలబెడతారు?

చీటీ రాసి ఇచ్చాను

చివరికి డబ్బుల సంగతి. "ఎంతవుతుంది వదినగారూ" అని మా మరిది అడిగితే, "ఇంట్లోవాళ్ల దగ్గర లెక్కేంటండీ" అంది మా చెల్లెలు. ఎన్నిసార్లు విన్నాం ఈ మాట! మన కుట్టుకీ, పచ్చళ్లకీ, అప్పడాలకీ ఎప్పుడూ ఇదే ధర... 'ఏముందిలే, ఖాళీగా ఉన్నప్పుడు చేసిందేగా!'

అప్పుడు నాకు మేరీ పికర్స్‌గిల్ గుర్తొచ్చింది. 1813లో అమెరికాలో బాల్టిమోర్ ఊళ్లో ఉన్న ఓ వితంతువు. మెక్‌హెన్రీ కోటకి 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవున్న జెండా కుట్టింది. ఇంట్లో అంత చోటు చాలక దగ్గర్లోని బీరు బట్టీ నేల మీద పరిచి కుట్టారు. కూతురు, మేనకోడళ్లు, గ్రేస్ విషర్ అనే నల్లజాతి పిల్ల సాయం చేశారు. ఆ జెండాని చూసే తర్వాత వాళ్ల జాతీయ గీతం పుట్టింది. అంత గొప్ప జెండాకి ఆవిడ ఊరికే చెయ్యలేదు. 405 డాలర్ల 90 సెంట్లు లెక్కగట్టి పుచ్చుకుంది! దేశభక్తి దేశభక్తే, కూలి కూలే. ఇవాళ మన పక్కనున్న హుబ్లీ దగ్గర బెంగేరిలో ఖాదీ జాతీయ జెండాలు తయారుచేసేవాళ్లలోనూ ఎక్కువమంది ఆడవాళ్లే.

నేనూ చీటీ రాశాను. బట్ట, దారం, పంపే ఖర్చు, ఒక్కో జతకి మూడు గంటల పని. గంటకి ఎంతన్నది మా వీధిలో జాకెట్లు కుట్టే ఆవిడ కూలి చూసి వేశాను. మా చెల్లెలి బండి జెండాలు మాత్రం పెద్దమ్మ కానుక. మిగతా కుటుంబాలన్నీ మారు మాట్లాడకుండా ఇచ్చాయి. అడిగితే ఇస్తారు. అడగడమే మనకి అలవాటు లేదు.

ఇప్పుడు మన ఊళ్లలోనూ జీపు క్లబ్బులు, బైకు బృందాలు, కాలేజీ జట్లు జెండాలు కావాలంటున్నాయి. పీకో మిషనున్న ఏ ఇల్లాలైనా ఈ పని చేయగలదు. కాకపోతే ఆర్డరు తీసుకునేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎంత దూరం నుంచి కనబడాలి? ఎంత గాలికి ఆగాలి? దేనికి బిగిస్తారు? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే అందం దానంతటదే వస్తుంది. నాలుగో ప్రశ్న మాత్రం వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి... కుట్టుకూలి ఇంత అని!