చింగ్‌దావ్ ధరను ఎలా చదవాలి?

ఇనుప ఖనిజం వర్తకులు నిత్యం విచారించే ధరలలో 'చింగ్‌దావ్ ధర' ముఖ్యమైనది. ఇది చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో, పసుపు సముద్ర తీరాన ఉన్న రేవు నగరం. పాత రికార్డులలో 'సింగ్‌టావ్' అని కనిపించేది కూడా ఇదే. 2020 జనగణన ప్రకారం జనాభా కోటికి కొద్దిగా పైన.

రేవు పూర్వాపరాలు

1897లో ఈ ప్రాంతాన్ని ఆక్రమించిన జర్మనీ, మరుసటి సంవత్సరం 99 ఏళ్ల కౌలుకు తీసుకుని రేవును, రైలు మార్గాన్ని నిర్మించింది. 1914లో జపాన్ వశమై, 1922లో తిరిగి చైనాకు దక్కింది. 1984లో విదేశీ వ్యాపారానికి తెరచిన 14 తీర నగరాలలో ఇది ఒకటి. శీతాకాలంలోనూ రేవు గడ్డకట్టదు. నగరానికి నైరుతి దిశలో ఉన్న డాంగ్‌జియాకౌ రేవులో 4 లక్షల టన్నుల ఖనిజ నౌకలు సైతం ఆగగలవు. 2022లో చింగ్‌దావ్ రేవులన్నీ కలిపి 65 కోట్ల టన్నులకు పైగా సరకును నిర్వహించాయి.

ధరలో ఏముంది?

2010కి ముందు ఉక్కు మిల్లులు, గనుల కంపెనీలు ఏడాదికొకసారి ధర నిర్ణయించుకునేవి. ఆ పద్ధతి పోయి, రోజువారీ ధర వచ్చింది. చింగ్‌దావ్ ధర అంటే నౌక కిరాయితో సహా అక్కడ దిగిన సరకు ధర. పైగా అది నిర్ణీత నాణ్యత గల, తేమ లేని టన్నుకు చెప్పే ధర. గని దగ్గర పలికే ధర కాదు.

ఉదాహరణకు అక్కడ టన్ను 100 డాలర్లు, కిరాయి 15 డాలర్లు అనుకుంటే, అదే నాణ్యత సరకుకు విశాఖ రేవులో నౌకకెక్కించేసరికి మిగిలేది 85 డాలర్లే. తేమ 8 శాతం ఉంటే 100 టన్నులు ఎక్కించినా సొమ్ము 92 టన్నులకే. ఇనుము శాతం తగ్గినా, సిలికా, అల్యూమినా పెరిగినా మరికొంత కోత పడుతుంది. ఎగుమతి సుంకం వేరు. 2022 నవంబరులో భారత ప్రభుత్వం 58 శాతం లోపు ఇనుము గల ఖనిజం తునకలకు, పొడికి సుంకం ఎత్తివేసి, ఆపై నాణ్యతకు 30 శాతంగా నిర్ణయించింది. అందుచేత చింగ్‌దావ్ ధర పెరిగినంత మాత్రాన ఇక్కడి వర్తకునికి అంత లాభమూ దక్కదు.

నిల్వల మాట

రేవులో ఖనిజం నిల్వలు పేరుకుంటే మిల్లుల కొనుగోళ్లు మందగించాయని, తరిగితే గిరాకీ ఉన్నదని మార్కెట్ వర్గాలు భావిస్తాయి. షాన్‌డాంగ్‌లో టైర్ల కర్మాగారాలు అధికం కావడంతో, ఇక్కడి గిడ్డంగులలోని రబ్బరు నిల్వలను కూడా ఆ వర్తకులు గమనిస్తారు.

అయితే కాగితం మీది నిల్వ వేరు, గిడ్డంగిలోని సరకు వేరు. 2014లో ఈ రేవులో ఒకే లోహపు సరకును పలు బ్యాంకులకు తాకట్టు పెట్టిన మోసం బయటపడింది. ఒకే సరకుకు పలు గిడ్డంగి రసీదులు పుట్టాయి. దర్యాప్తు కారణంగా అల్యూమినియం, రాగి రవాణా కొంతకాలం నిలిచింది. అప్పు ఇచ్చిన బ్యాంకులతో పాటు రసీదును నమ్మి సరకు కొన్న వర్తకులూ చిక్కుల్లో పడ్డారు.

కనుక కిరాయి, తేమ, నాణ్యత, సుంకం తీసివేసిన తర్వాతే ధరను లెక్కించాలి. రసీదు మీద సొమ్ము చెల్లించే ముందు, సరకు ఉన్నదో లేదో, దానిపై మరొకరికి హక్కు ఉన్నదేమో స్వతంత్ర తనిఖీదారు ద్వారా విచారించుకోవడం క్షేమం.