రేవులోని పోటు – తరగతిలోని పాఠము

విశాఖపట్నపు బాలబాలికలకు సముద్రము క్రొత్త కాదు. అయినను "పోటు దినమునకు రెండుసార్లు వచ్చును" అను వాక్యమును వారు పుస్తకము నుండియే నేర్చుకొని, పరీక్షలో వ్రాసి మరచిపోవుదురు. ఒడ్డున కొంతసేపు నిలిచి చూచినచో అలల సందడిలో నీటిమట్టము పెరుగుచున్నదో తరుగుచున్నదో తెలియదు. అందుకు రేయింబవళ్ళు తీసిన కొలతలు కావలెను. ఆ కొలతలు నేడు అంతర్జాలము ద్వారా తరగతి గదికే వచ్చుచున్నవి.

రేవులో నీటిమట్టమును కొలుచు యంత్రము కలదు. పాతరకపు యంత్రములో నిలువు గొట్టములోని నీటిపై ఒక బెండు తేలుచుండును. గొట్టము అడుగున చిన్న రంధ్రమే ఉండుటచే అలల తాకిడి లోపలికి చేరదు. మెల్లగా మారు మట్టము మాత్రమే చేరును. క్రొత్త యంత్రములు పైనుండి రాడారు తరంగములను పంపి, అవి తిరిగి వచ్చుటకు పట్టిన కాలమును బట్టి మట్టమును గణించును. యునెస్కోకు చెందిన సముద్రవిజ్ఞాన సంఘపు వెబ్‌సైటులో ప్రపంచపు రేవులతోపాటు విశాఖ కొలతలు కూడ గ్రాఫు రూపమున లభించును.

2017లో ఆరంభమైన 'దీక్ష' వంటి వేదికలలో పాఠ్యాంశముల వీడియోలు కలవు. అవి మంచివే, కాని వీడియో జవాబును తానే చెప్పివేయును. గ్రాఫు చెప్పదు. పదిహేను దినముల గ్రాఫును ముందుగా ముద్రించి పంచినచో, ఆ పూట విద్యుత్తు పోయినను పాఠము ఆగదు. విద్యార్థులు రెండు వరుస పోటుల మధ్య కాలమును కొలిచి సగటు కట్టినచో సుమారు 12 గంటల 25 నిమిషములు వచ్చును. పన్నెండు గంటలే ఏల కాదు? భూమి ఒక చుట్టు తిరుగునప్పటికి చంద్రుడు కొంత ముందుకు జరిగియుండును. అతనిని మరల అందుకొనుటకు దినమునకు సుమారు 50 నిమిషములు ఎక్కువ పట్టును. గోడమీది పంచాంగముతో పోల్చినచో, అమావాస్యా పౌర్ణములు దాటిన వెంటనే పోటుపాట్ల వ్యత్యాసము మీటరున్నరకు దగ్గరగను, అష్టములు దాటిన పిదప అర మీటరు ప్రాంతమునను ఉండుట కనబడును.

ఒక చిక్కు కలదు. ఆ వెబ్‌సైటులోని కాలము గ్రీనిచి కాలము. దానికి ఐదున్నర గంటలు కలుపవలెను. దీనిని ఉపాధ్యాయుడు ముందే చెప్పకుండుట మేలు. రేవులోని జాలరులు చెప్పు వేళకును గ్రాఫుకును పొత్తు కుదరనప్పుడు పిల్లలే కారణము వెదకుదురు.

పాఠము ఇచ్చట ఆగనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకినప్పుడు విశాఖలోని యంత్రము, సహజమైన పోటు మట్టముపైన 1.4 మీటర్ల ఉప్పెనను నమోదు చేసినది. ఇది ఇంచుమించు పెద్ద పోటుపాట్ల వ్యత్యాసమంత. అంత ఉప్పెన నీరు బాగుగా తీసిన పాటువేళ వచ్చినచో మామూలు పెద్ద పోటు గుర్తు వద్దనే నిలుచును. పోటువేళ వచ్చినచో ఆ గుర్తుపైన మరి 1.4 మీటర్లు లేచును. తుఫాను హెచ్చరికలలో ఉప్పెన ఎత్తును పోటు మట్టమునకు పైన ఇంత అని చెప్పుట ఇందులకే.