కోచ్ మాట వినని కెప్టెన్

రగ్బీలో ఏముందని ఇంత పిచ్చి నీకు? ఈ ప్రశ్న ఎవరు అడిగినా నేను చెప్పే కథ ఒకటే. 2015 సెప్టెంబర్ 19, ఇంగ్లండ్‌లోని బ్రైటన్. ప్రపంచకప్‌లో జపాన్, దక్షిణాఫ్రికా మ్యాచ్. దక్షిణాఫ్రికా అప్పటికే రెండుసార్లు చాంపియన్. జపాన్ సంగతి చూస్తే, అంతకుముందు ప్రపంచకప్పులన్నీ కలిపి గెలిచింది ఒక్క మ్యాచ్. అదీ 1991లో, జింబాబ్వే మీద. 1995లోనైతే న్యూజిలాండ్ చేతిలో 145-17తో చిత్తుచిత్తయింది.

అలాంటి జట్టు ఆఖరి నిమిషాల్లో 29-32తో, అంటే కేవలం మూడు పాయింట్లు వెనక ఉంది. పెనాల్టీ దొరికింది. బంతిని గోల్ స్తంభాల మధ్యకి తంతే 3 పాయింట్లు, మ్యాచ్ డ్రా. దక్షిణాఫ్రికాతో డ్రా అంటే జపాన్‌కి పండగే. పైన స్టాండ్‌లో కూర్చున్న కోచ్ ఎడ్డీ జోన్స్ కూడా ఆ మూడు పాయింట్లు తీసుకోమనే అన్నాడు. కెప్టెన్ మైకేల్ లీచ్ వినలేదు. స్క్రమ్ కావాలన్నాడు. స్క్రమ్ అంటే రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది భుజాలు కలిపి ఎదురెదురుగా తోసుకుంటూ బంతి కోసం పోరాడటం. అక్కడ్నుంచి బంతిని గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, 5 పాయింట్లు. గెలుపు. బంతి చేజారిందా, చేతికొచ్చిన డ్రా కూడా పోయినట్టే.

కోపంతో ఎడ్డీ చేతిలో ఉన్న వాకీటాకీని విసిరికొట్టాడు. ఈ సంగతి తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. మన దగ్గర అప్పటికి రాత్రి పదకొండు. నా ఫోన్‌లో వీడియో ఆగీ ఆగీ వస్తోంది. బంతి కుడివైపు నుంచి ఎడమవైపుకి చేతులు మారుతూ వెళ్లి కార్న్ హెస్కెత్‌కి చేరింది. మూలన దూకాడు. 34-32.

అందరూ దీన్ని చిన్న జట్టు పెద్ద జట్టుని పడగొట్టిన కథలా చెప్తారు. నాకు మాత్రం అది కోచింగ్ కథ. తెల్లవారుజాము ఐదింటికే ప్రాక్టీస్ పెట్టి, రోజుకి మూడు నాలుగుసార్లు ఒళ్లు హూనం చేసి ఆ జట్టుని తయారుచేసింది ఎడ్డీయే. ఆ తయారీలోంచే ఆయన మాట కాదనగలిగిన కెప్టెన్ కూడా పుట్టాడు. కోచ్ ఎంత గొప్పవాడో తెలియాలంటే ఆయన ఏం చెప్పాడో కాదు, ఆయన లేనప్పుడు కుర్రాళ్లు ఏం చేశారో చూడాలని నా లెక్క.

మా స్కూల్లో కబడ్డీ ఆడేవాళ్లం. పీఈటీ సార్ గీత పక్కనే నిలబడి, కూతకి వెళ్లినవాడు ఏ కాలు ముందు పెట్టాలో కూడా అరిచి చెప్పేవారు. సార్ సెలవు పెట్టిన రోజు మాకు ఆటే వచ్చేది కాదు. రగ్బీలో అలా కుదరదు. కోచ్ ఎక్కడో పైన అద్దాల గదిలో ఉంటాడు. కింద 80 నిమిషాల ఆట. రిఫరీతో మాట్లాడే హక్కు కెప్టెన్‌దే. పెనాల్టీ వస్తే తన్నాలా, స్క్రమ్ తీసుకోవాలా, బంతిని పక్క గీత బయటికి కొట్టి లైనౌట్ ఆడాలా... ఊపిరి అందని స్థితిలో, ముక్కులోంచి రక్తం కారుతుండగా, పది సెకన్లలో తేల్చాలి. క్రికెట్ కెప్టెన్‌కి కనీసం ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య ఆలోచించుకునే టైమైనా ఉంటుంది.

ఎడ్డీ అదే, కెప్టెన్లే లేరు

ఎనిమిదేళ్లకి అదే ఎడ్డీ ఆస్ట్రేలియా కోచ్‌గా ప్రపంచకప్‌కి వెళ్లాడు. 2023, ఫ్రాన్స్. మధ్యలో ఇంగ్లండ్‌ని 2019 ఫైనల్ దాకా తీసుకెళ్లిన మనిషి, బుర్రలో ఏం తగ్గలేదు. కానీ వందకి పైగా టెస్టులాడిన మైకేల్ హూపర్‌ని పక్కనపెట్టాడు. ఆటని నడిపించే ఫ్లై-హాఫ్ స్థానంలో అనుభవమున్న క్వేడ్ కూపర్‌ని కూడా వద్దనుకున్నాడు. ఆ భారమంతా 22 ఏళ్ల కార్టర్ గోర్డన్ మీద పడింది. ఆ కొద్ది నెలల్లో కెప్టెన్సీ కూడా ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూ పోయింది. టోర్నీ మధ్యలో కెప్టెన్ విల్ స్కెల్టన్ గాయపడ్డాడు.

ఫలితం తెలిసిందే. ఫిజీ 22-15తో ఓడించింది. ఆస్ట్రేలియా మీద ఫిజీ గెలవడం 1954 తర్వాత అదే మొదటిసారి. వేల్స్ అయితే 40-6తో ఉతికేసింది. ప్రపంచకప్ చరిత్రలో ఆస్ట్రేలియా గ్రూప్ దశ దాటకపోవడం అదే తొలిసారి. కుర్రాళ్లని నమ్మడం తప్పని నేననను. కానీ పక్కన ఒక పెద్దన్నలాంటివాడు లేకుండా కుర్రాణ్ణి మంటలోకి తోసి, నిలబడలేదేంటి అంటే ఎలా? బ్రైటన్‌లో ఎడ్డీ గెలవడానికి కారణమైనవి రెండు: ఎడ్డీ, లీచ్. ఫ్రాన్స్‌కి ఒక్కడే వెళ్లాడు.

రాస్సీ, సియా

నా అభిమాన జట్టు ఏదో ఈపాటికి ఊహించే ఉంటారు. బ్రైటన్‌లో ఓడిన దక్షిణాఫ్రికానే! ఆ జట్టు తర్వాత ఇంకా కిందికి జారింది. 2016లో ఇటలీ చేతిలో ఓడింది. 2017లో న్యూజిలాండ్ 57-0తో తొక్కేసింది. 2018లో రాస్సీ ఎరాస్మస్ పగ్గాలు తీసుకున్నాడు. సియా కొలిసిని కెప్టెన్ చేశాడు. 127 ఏళ్ల చరిత్రలో ఆ టెస్టు జట్టుకి మొదటి నల్లజాతి కెప్టెన్.

సియా పుట్టింది పోర్ట్ ఎలిజబెత్ పక్కన జ్విడే అనే పేద బస్తీలో. పెంచింది నాయనమ్మ. 1995లో మండేలా ఆరో నంబర్ జెర్సీ వేసుకుని కప్ అందించినప్పటికి అతనికి నాలుగేళ్లు. ఆ జట్టు మొత్తానికి ఒక్క చెస్టర్ విలియమ్స్ మాత్రమే తెల్లవాడు కాదు. 2007లో తన దేశం మళ్లీ కప్ గెలిచినప్పుడు ఇంట్లో టీవీ లేక బస్తీలోని బార్‌లో చూశాడు సియా. ఇప్పుడు వేసుకునేది అదే ఆరో నంబర్.

కెప్టెన్‌గా మొదటి మ్యాచ్ జొహానెస్‌బర్గ్‌లో ఇంగ్లండ్ మీద. చూస్తుండగానే 3-24. అక్కడ్నుంచి 42-39తో గెలిచారు. మరుసటి ఏడాది జపాన్‌లో ప్రపంచకప్. మొదటి మ్యాచ్‌లోనే న్యూజిలాండ్ చేతిలో ఓడి, చివరికి ఫైనల్లో ఎడ్డీ ఇంగ్లండ్‌ని 32-12తో కొట్టారు. ఆ గెలుపు తర్వాత ప్రెస్‌మీట్‌లో రాస్సీ అన్న మాటలు నాకిప్పటికీ గుర్తే. మా దేశంలో ఒత్తిడంటే ఉద్యోగం లేకపోవడం, అయినవాళ్లు హత్యకి గురికావడం. రగ్బీ ఒత్తిడి కాకూడదు, ఆశ కావాలి అని ఆయన భావం. ఫైనల్‌కి ముందు డ్రెస్సింగ్ రూమ్‌లో కాదు, ఆ పద్దెనిమిది నెలలూ ఆయన నూరిపోసింది ఇదేనని జట్టు ఆట చూస్తే తెలుస్తుంది.

2023లో అయితే నా ప్రాణాలు తోడేశారు. క్వార్టర్స్‌లో ఫ్రాన్స్ మీద 29-28. సెమీస్‌లో ఇంగ్లండ్ మీద 16-15. ఫైనల్లో న్యూజిలాండ్ మీద 12-11. మూడూ ఒక్క పాయింట్ తేడాయే! ఫైనల్ మన టైమ్‌లో అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. పొద్దున ఆఫీసులో నన్ను చూసి జ్వరమా అని అడిగారు.

ఆ కప్‌లో రాస్సీ (అప్పుడు హెడ్ కోచ్ జాక్ నీనాబర్, రాస్సీ డైరెక్టర్) వేసిన జూదం చూడండి. హుకర్ అంటే స్క్రమ్‌లో ముందు వరసలో మధ్యలో ఉండే మనిషి. అలాంటి మాల్కమ్ మార్క్స్ గాయపడితే ఇంకో హుకర్‌ని కాకుండా ఫ్లై-హాఫ్ హాండ్రే పొలార్డ్‌ని పిలిపించారు. ఫైనల్ మొదలైన రెండు మూడు నిమిషాలకే మిగిలిన అసలైన హుకర్ బోంగీ ఎంబోనాంబి కూడా గాయంతో వెళ్లిపోయాడు. 37 ఏళ్ల డియాన్ ఫూరీ వచ్చి, మిగతా ఆటంతా ఆ బరువు మోశాడు. ఆ 12 పాయింట్లూ పొలార్డ్ కాలివే. జూదం పండింది కాబట్టి మేధావి అంటున్నాం. ఫూరీ చెయ్యెత్తేసి ఉంటే ఈ పాటికి రాస్సీని ఏమనేవాళ్లమో!

పైనుంచి లైట్లు

ఇక నాకు నచ్చనిది కూడా చెప్పాలి. 2021లో బ్రిటిష్, ఐరిష్ లయన్స్ సిరీస్‌లో రాస్సీ నీళ్ల సీసాలు మోసేవాడి వేషంలో గ్రౌండ్ అంచున తిరిగాడు. తొలి టెస్టు ఓడాక రిఫరీ తప్పులంటూ 62 నిమిషాల వీడియో చేశాడు. అది బయటికొచ్చి, రెండు నెలలు రగ్బీకే దూరంగా, తర్వాత ఏడాది సెప్టెంబర్ దాకా మ్యాచ్ రోజుల్లో దూరంగా ఉండాలని నిషేధం పడింది. 2023లో కోచ్‌ల గదిలోంచి ఎరుపు, పచ్చ లైట్లు వెలిగించి కిందికి సంకేతాలు పంపారు. రూల్స్‌లో ఎక్కడా వద్దని లేదనుకోండి.

కానీ మనకి ఆ ఆట మీద ప్రేమ పుట్టిందే కిందున్నవాడు తేలుస్తాడని కదా! హెడ్ కోచ్‌లు నీళ్లు మోయకూడదని ఇప్పుడు రూల్ తెచ్చారు, మంచిదే. అయినా నీళ్లు తెచ్చేవాళ్ల చెవుల్లో, డాక్టర్ల చెవుల్లో పైనుంచి మాటలు వెళ్తూనే ఉంటాయి. బ్రైటన్‌లో లైట్ ఉండి ఉంటే లీచ్‌కి ఏ రంగు కనపడేదో మనకి తెలుసు.

రాస్సీ ఇంకో ఆవిష్కరణ ‘బాంబ్ స్క్వాడ్’. బెంచ్ మీద ఎనిమిది మంది సబ్‌స్టిట్యూట్లుంటారు. మామూలుగా ఐదుగురు ఫార్వర్డ్స్, అంటే భారీ మనుషులు. ముగ్గురు బ్యాక్స్, అంటే పరిగెత్తేవాళ్లు. రాస్సీ దాన్ని 6-2 చేశాడు, తర్వాత 7-1. రెండో సగంలో అలసిపోయిన ప్రత్యర్థుల మీదికి ఒకేసారి తాజా పర్వతాలని దించుతాడు. చూడటానికి రోమాంచకమే. నేనూ ఈలలేశాను. కానీ అరవయ్యో నిమిషంలో కాళ్లు లాగేస్తున్నవాణ్ణి అప్పుడే దిగిన 120 కిలోల మనిషి గుద్దితే ఏమవుతుందన్నది కోచింగ్ ప్రశ్న ఒక్కటే కాదు.

స్టీవ్ థాంప్సన్ పేరు విన్నారా? 2003లో ప్రపంచకప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టు హుకర్. 42 ఏళ్లకే మతిమరుపు వ్యాధి, డిమెన్షియా, ఉందని తేలింది. ఆ ఫైనల్ ఆడినట్టు కూడా తనకి గుర్తులేదని చెప్పాడు. ఏళ్ల తరబడి తలకి తగిలిన దెబ్బల వల్లేనంటూ ఆయన, ఇంకా చాలామంది మాజీ ఆటగాళ్లు ప్రపంచ రగ్బీ సంస్థ మీద, ఇంగ్లండ్, వేల్స్ బోర్డుల మీద కోర్టుకెళ్లారు. దెబ్బ తీవ్రతని కొలిచే స్మార్ట్ మౌత్‌గార్డులు పెద్ద మ్యాచ్‌ల్లోకి వచ్చాయి. ఇంగ్లండ్‌లో క్లబ్బు స్థాయిలో ట్యాకిల్ రొమ్ము ఎముక కిందే పట్టాలని 2023లో రూల్ మార్చారు. ఇంకోపక్క రెడ్ కార్డ్ పడ్డా 20 నిమిషాల తర్వాత వేరేవాణ్ణి దింపుకోవచ్చనే పద్ధతి తెచ్చారు. ఆట 15 మందితో సాగితే బాగుంటుంది, నిజమే. కానీ తల మీద గుద్దినందుకు శిక్ష తగ్గిస్తున్నామని పిల్లలకి ఎలా చెప్తాం? నన్నడిగితే ముందు బెంచ్ తగ్గించాలి. నలుగురో ఐదుగురో చాలు. 80 నిమిషాలు ఆడాలంటే ఆటగాళ్ల ఒళ్లు కూడా తేలికవుతుంది. మా రాస్సీకి ఇది నచ్చదు, పర్లేదు.

మన రూపాయలు, వాళ్ల కప్పు

రగ్బీకీ మనకీ ఏం సంబంధం అనుకుంటున్నారా? ఇంగ్లండ్, స్కాట్లండ్ ఏటా కొట్టుకునే ట్రోఫీ పేరే కలకత్తా కప్. అక్కడి రగ్బీ క్లబ్ మూతపడుతూ 1878లో బ్యాంకులో ఉన్న వెండి రూపాయలు తీసి, కరిగించి చేయించింది. పిడులుగా మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. మన రూపాయలు అక్కడ షోకేసులో ఉంటే, మన గ్రౌండ్లలో ఆట దాదాపు కనిపించకుండా పోయింది.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది. ఆరు జట్లు, అందులో ఒకటి హైదరాబాద్ హీరోస్. ఒలింపిక్స్‌లో ఉండే ఏడుగురి ఆట, సెవెన్స్. విదేశీ స్టార్ల పక్కన మన కుర్రాళ్లు పరిగెత్తుతుంటే సంతోషమేసింది. కానీ హైదరాబాద్‌లో ఆదివారాలు మేం పదిమందిమి ఆడుకునేది టచ్ రగ్బీ, అంటే గుద్దుకోకుండా తాకితే చాలు. ఎందుకంటే ట్యాకిల్ సరిగా నేర్పేవాళ్లు మాకు లేరు. మెడ ఎక్కడ పెట్టాలో తెలియకుండా దూకడం ఎంత ప్రమాదమో పైన చెప్పుకున్నాం కదా. లీగ్‌కి పెట్టే డబ్బులో కొంచెం పీఈటీ సార్లకి శిక్షణ ఇవ్వడానికి పెడితే చాలు. కబడ్డీలో తొడ పట్టి నేలకి కూలేసే పిల్లలు మన జిల్లాల్లో ఊరికొకరు దొరుకుతారు.

డబ్బు లేకపోయినా ఆట పెరుగుతుందని కెనడా అమ్మాయిలు చూపించారు. 2025 మహిళల ప్రపంచకప్‌కి చందాలు పోగేసుకుని మరీ వచ్చి, సెమీస్‌లో న్యూజిలాండ్‌ని ఓడించారు. ఫైనల్లో ఇంగ్లండ్ చేతిలో 33-13తో ఓడారు. ఆ రోజు ట్వికెన్‌హామ్‌లో 81,885 మంది. అన్నట్టు, రగ్బీ కొత్తగా చూడాలనుకునేవాళ్లకి నేను ముందు చూపించేది ఈ అమ్మాయిల మ్యాచ్‌లే. గుద్దులాట తక్కువని కాదు, బంతి చేతుల్లో ఎక్కువసేపు తిరుగుతుంది.

పురుషుల ప్రపంచకప్ 2027 అక్టోబర్ 1న ఆస్ట్రేలియాలో మొదలవుతుంది. ఈసారి 20 కాదు, 24 జట్లు. సిడ్నీలో సాయంత్రం మ్యాచ్ అంటే మనకి మధ్యాహ్నమే, కాబట్టి నిద్ర పాడవుతుందనే వంక పనిచేయదు. సిడ్నీలో ఉంటున్న మా పిన్ని కొడుక్కి టికెట్ల గురించి ఇప్పటికే మూడుసార్లు మెసేజ్ పెట్టాను. వాడేమో, ‘అన్నా, అది క్రికెట్ గ్రౌండేనా’ అని అడుగుతున్నాడు.