డిప్లొమాతో చదువు ఆగిపోదు

మా వీధిలో వెల్డింగ్ షాపు నడుపుకునే సోదరుడొకరు కొన్నేళ్ల క్రితం జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల దగ్గర మమ్మల్ని ఆపారు. "మౌల్వీ సాబ్, మావాడికి పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది. అందులో వేయమంటారా, ఇంటర్‌లో వేయమంటారా?" అని అడిగారు. ఇంటర్‌లోనే వేయండి, డిప్లొమా అంటే సగం చదువు అన్నాం. ఆయన మా మాట వినలేదు. వినకపోవడమే మేలైంది. ఆరేళ్ల తర్వాత ఆ అబ్బాయి బి.టెక్. పాసై మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. మేమన్న మాట అతనికి తెలుసో లేదో గానీ మాకు మాత్రం గుర్తుంది. ఆ సిగ్గుతోనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మేము పొరబడింది లెక్క దగ్గర. పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్లు, బి.టెక్. నాలుగేళ్లు, వెరసి ఆరు. డిప్లొమా మూడేళ్లు. ఆ పైన ఈసెట్ రాసి నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరితే మరో మూడేళ్లు. ఇదీ ఆరే! ఒక్క ఏడాది కూడా వృథా కాదు. పైగా మధ్యలో, అంటే మూడేళ్లకే, చేతికి ఒక పట్టా వస్తుంది. ఇంట్లో పరిస్థితి తారుమారైనా పిల్లవాడు ఏదో ఒక పనిలో నిలదొక్కుకోగలడు. ఇంటర్ మాత్రమే చదివినవాడికి ఆ ధీమా తక్కువ.

ఈసెట్ గురించి వాలిదైన్‌కు తెలియవలసిన సంగతులు ఎక్కువేమీ లేవు. మొత్తం 200 మార్కులు. అందులో వంద విద్యార్థి చదివిన బ్రాంచి సబ్జెక్టులకే. గణితానికి 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరో 25. మూడు గంటల్లో 200 ప్రశ్నలంటే ఒక్కోదానికి నిమిషం కూడా దక్కదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. మూడేళ్లూ శ్రద్ధగా చదివినవాడికి సగం పరీక్ష తెలిసిన పాఠమే. చాలామంది వెనుకబడేది ఫిజిక్స్, కెమిస్ట్రీల దగ్గర. మొదటి సంవత్సరంలో చదివి పక్కన పెట్టేసిన ఆ పుస్తకాలను అమ్మేయకుండా దాచుకోమని మేము పిల్లలకు చెబుతుంటాం.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. ల్యాబ్‌లోనూ డ్రాయింగ్‌లోనూ డిప్లొమా పిల్లలకు చేయి తిరిగి వుంటుంది. మోటారు విప్పి చూసినవాడికీ బొమ్మలో చూసినవాడికీ తేడా వుంటుంది కదా! కానీ రెండో సంవత్సరం గణితం పెద్ద గండం. తోటివారు మొదటి ఏడాదే ఆ దారిలో నడిచి వుంటారు, వీరు మధ్యలో వచ్చి కలుస్తారు. మేము పైన చెప్పిన అబ్బాయి కూడా తొలి సెమిస్టర్‌లో గణితం తప్పాడు. ఇక చదువు మానేస్తానని షాపులో వచ్చి కూర్చున్నాడు. తండ్రి ఏమీ అనకుండా వెల్డింగ్ కళ్లద్దాలు చేతికిచ్చారట. నాలుగు రోజులకే మళ్లీ కాలేజీకి వెళ్లాడు. కాబట్టి ఈసెట్ ఫలితాలకూ కాలేజీ తెరవడానికీ మధ్య దొరికే సెలవుల్లో బి.టెక్. మొదటి ఏడాది గణితం పుస్తకం తెచ్చుకుని చదవడం మంచిది. సీనియర్లను అడిగితే పాత పుస్తకం వుట్టికే దొరుకుతుంది.

మన మొహల్లాల్లో మరో అలవాటుంది. డిప్లొమా చేతికి రాగానే పాస్‌పోర్టు కోసం పరుగు తీస్తాం. గల్ఫ్‌కు వెళ్లి అక్కాచెల్లెళ్ల పెళ్లిళ్లు చేసిన పిల్లలు ఎందరో వున్నారు, వారిని తప్పు పట్టే హక్కు మాకు లేదు. అయితే ఇంకో మూడేళ్లు ఓపిక పట్టగలిగిన ఇళ్లు కూడా ఆ పరుగులో చేరడమే మాకు బాధ.

ఖర్చుకు, సీటుకు సంబంధించి ఒక ముఖ్యమైన విషయం. 2007 నాటి చట్టం ప్రకారం ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాని అమలు కొనసాగింది. సయ్యద్, మొగల్, పఠాన్ కుటుంబాలకు ఇది వర్తించదు. దూదేకులవారు బి.సి.-బిలో వున్నారు. కుల, ఆదాయ ధ్రువపత్రాలను కౌన్సెలింగ్ తేదీ వచ్చాక కాదు, సెలవుల్లోనే తీసి పెట్టుకోవాలి. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు వుండి ఇబ్బంది పడిన పిల్లలను మేము చూశాం. షేక్ ముందా, వెనకా అన్నది చిన్న విషయమనుకోకండి.

ఉర్దూలో చదువుకున్న పిల్లలకు ఇంకో ద్వారం వుంది. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లు కూడా నడుపుతోంది. హైదరాబాదులో ఒకటి వుంది, కడపలో మరొకటి. మాలాంటి మదర్సా చదువులవారికి ఉర్దూలో ఇంజనీరింగ్ అంటే ఒకప్పుడు కలలాంటి మాట.

ఆ వెల్డింగ్ సోదరుడి కూతురు ఇటీవల పాలిసెట్ రాసింది. ఈసారి ఆయన మమ్మల్ని సలహా అడగలేదు. కాలేజీ వైపు వెళ్లే బస్సు పొద్దున ఎన్నింటికో తెలుసా అని మాత్రం అడిగారు. ఎనిమిదిన్నరకు ఒకటుందని చెప్పాం.