రక్తరసములోని సాక్షి

అమెరికాదేశమున బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలయందు పనిచేయుచుండిన మిన్ చియు లీ అను చైనాదేశీయుడైన వైద్యుడు, 1956వ సంవత్సరము మొదలుకొని, కోరియోకార్సినోమా యను క్యాన్సరు మాయకణములలో బుట్టి ఊపిరితిత్తుల దాక ప్రాకిన స్త్రీలకు మెథోట్రెక్సేటు మందిచ్చుచు, ఎక్స్‌రే పటములో కంతులన్నియు అదృశ్యమైన పిమ్మటను చికిత్సను మానక కొనసాగించెను. రోగిణుల మూత్రములో హెచ్‌సీజీ యను హార్మోను ఇంకను లేశమాత్రముగ నగుపడుచుండుటయే యందులకు కారణము. కంటికిని యంత్రమునకును గోచరింపని కణములెక్కడనో మిగిలియున్నవని యా హార్మోను సాక్ష్యమిచ్చుచున్నదని యాతడు విశ్వసించెను. రోగికి గాక యొక సంఖ్యకు వైద్యము చేయుచున్నాడని పై వారు తలచి యాతనిని కొలువునుండి తొలగించిరి. తరువాత తేలినదేమనగా, మందు ముందుగ నాపబడిన వారికి వ్యాధి తిరుగబెట్టినది. హార్మోను నిశ్శేషమగు వఱకు మందు పుచ్చుకొన్నవారు బ్రతికిరి. ఆ మెథోట్రెక్సేటు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లే ప్రయోగశాలలో రూపొందిన మందని తెలుగు పాఠకునకు జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కానేరదు.

లీ విశ్వసించిన సాక్షికి రెండు యోగ్యతలుండెను. అది యే కణములనుండి వచ్చుచున్నదో తెలియును. దాని మాటను బట్టి వైద్యుడు చేయవలసిన పని మాఱును. గడచిన రెండు దశాబ్దులలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ లను సూక్ష్మపదార్థములను గూర్చి, ఇవి క్యాన్సరును ముందుగ బట్టియిచ్చుననియు, రోగి భవిష్యత్తును జెప్పుననియు వేలకొలది పరిశోధనపత్రములు వెలువడినవి. వానిలో బహుస్వల్పభాగమే రోగి మంచము దాక వచ్చినది. ఏల వచ్చినదో, తక్కినవి యేల రాలేదో విచారించుటకు లీ సాక్షిని గుర్తుంచుకొనుట మేలు.

మన కణములలో జన్యువునందలి యాజ్ఞను మోసికొనిపోవు దూతవంటి ఆర్‌ఎన్‌ఏ యొకటి గలదనియు, ఆ దూత తెచ్చిన లిపిని జదివి కణము ప్రోటీనును నిర్మించుననియు పాఠశాలలోనే వినియుందుము. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను శాస్త్రజ్ఞులు, మిల్లీమీటరు పొడవైన యొక వానపామువంటి పురుగులో, ఏ ప్రోటీనునకును ఆజ్ఞ కాని యిరువదిరెండక్షరముల చిన్న ఆర్‌ఎన్‌ఏ (దీనినే మైక్రో ఆర్‌ఎన్‌ఏ యందురు) దూతనే పట్టుకొని దాని నోరు మూయుచున్నదని కనుగొనిరి. పురుగుకే పరిమితమైన వింతయని లోకము దానిని పెద్దగ పట్టించుకొనలేదు. ఏడేండ్లకు రవ్‌కున్ బృందమే కనుగొన్న లెట్-7 అను రెండవది, చేపలు మొదలు మనుష్యుల వఱకు దాదాపు మార్పులేక యున్నదని తేలిన దినమున ఆ యుపేక్ష తొలగిపోయెను. 2024లో ఆ యిరువురికిని నోబెల్ బహుమానము లభించినది.

క్యాన్సరుతో వీని సంబంధము 2002లో బయల్పడినది. ఒక జాతి దీర్ఘకాలిక రక్తక్యాన్సరులో పదుమూడవ క్రోమోజోమునుండి తఱచు తెగిపోవు ఖండమున ఏ జన్యువు నష్టమగుచున్నదో యెంత వెదకినను దొరకకుండెను. కార్లో క్రోచే బృందము అచ్చట మైక్రో ఆర్‌ఎన్‌ఏ 15, 16 అను జంటను కనుగొనినది. 2004లో జపానుశాస్త్రజ్ఞులు శస్త్రచికిత్స పొందిన 143 ఊపిరితిత్తి క్యాన్సరులను పరిశీలించి, లెట్-7 క్షీణించిన కంతి గలవారు తక్కువకాలము బ్రతికిరని చూపిరి. మరుసటియేట బోస్టన్ ప్రాంతపు పరిశోధకులు, సూక్ష్మదర్శినిలో చూచినను ఏ యవయవమున బుట్టినదో చెప్పరాని పదునేడు కంతులను తీసికొని పరీక్షింపగా, దూత ఆర్‌ఎన్‌ఏల లెక్క ఒక్కదానిని మాత్రమే సరిగా గుర్తించెను. మైక్రో ఆర్‌ఎన్‌ఏల లెక్క పండ్రెంటిని గుర్తించెను. నా దృష్టిలో ఈ శాస్త్రమున నిదియే మిక్కిలి యాశ్చర్యకరమైన ఫలితము. ఏలయన కణము తన కులగోత్రముల నన్నిటిని మఱచినను ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలలో వాని జాడను నిలుపుకొనుచున్నదని యది తెలిపినది.

కాని యివన్నియు కోసి తీసిన కంతి ముక్కలోని మాటలు. 2008లో సియాటిల్ నగరపు బృందమొకటి, రక్తరసములోనే యివి స్థిరముగ నిలుచుననియు, గది వేడిమిలో ఒక దినముంచినను, ఎనిమిది మాఱులు గడ్డకట్టించి కరగించినను చెడవనియు ప్రకటించి, ప్రోస్టేటు క్యాన్సరులో మైక్రో ఆర్‌ఎన్‌ఏ 141 పెరుగుటను జూపగా వైద్యలోకమునందు గొప్ప యుత్సాహము పుట్టెను. విడి ఆర్‌ఎన్‌ఏ రక్తములో క్షణకాలమైన నిలువజాలదు. ఇవియో ప్రోటీను కవచమునందో, కణములు విడిచిన సూక్ష్మకోశములలోనో దాగి సంచరించును. చేతినుండి తీసిన నాలుగు చుక్కలతో క్యాన్సరును బట్టుకొందుమని నాటి యాశ.

ఆ యాశ యెక్కువభాగము ఫలింపలేదు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ 21 పెక్కు క్యాన్సరులలో పెరుగును. వాపులలోను గుండెజబ్బులలోను పెరుగును. అందఱి పక్షమున మాటలాడునది యెవరి పక్షమునను సాక్షి కానేరదు. అంతకంటె నెక్కువ చిక్కు రక్తములోనే యున్నది. రక్తరసములోని మైక్రో ఆర్‌ఎన్‌ఏలలో అధికభాగము రక్తకణములనుండియే వచ్చుచున్నదని 2012లో పరిశోధకులు స్పష్టపఱచిరి. సూది గ్రుచ్చుటలోనో గొట్టమును కుదుపుటలోనో ఎఱ్ఱకణములు కొన్ని చితికినచో 16, 451 అనునవి యొక్కుమ్మడిగ పెరిగి, రోగము లేనివానికి రోగమంటగట్టును. రక్తము తీసిన చోటునకొక ఫలితమును, పరిశీలించిన చోటునకొక ఫలితమును వచ్చుటకు గల కారణములలో నిదియొకటి. పత్రికలలో “ఒక్క రక్తపరీక్షతో అన్ని క్యాన్సరులు” అను శీర్షికను జూచి ఆశపడు రోగి బంధువుల మొగములను తలచుకొనినపుడు, ఈ విషయమును ఉత్సాహముతో వ్రాయువారు రక్తకణముల సంగతిని గూడ వ్రాయవలెనని నేను గట్టిగా కోరుకొందును.

ఇక ఫలించినదానిని జూతము. యౌవనమున నున్న పురుషులకు వచ్చు వృషణ క్యాన్సరునకు ముక్క పరీక్ష చేయరు. కంతి కణములు సూది దారిని చెదరునను భయమున, అల్ట్రాసౌండును రక్తపరీక్షను జూచి వృషణమునే తొలగింతురు. రక్తమున వెదకు పాత సూచికలు మూడు: లీ నమ్మిన హెచ్‌సీజీ, ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్. సెమినోమా యను రకములో ఏఎఫ్‌పీ పెరుగనే పెరుగదు, హెచ్‌సీజీ కొందఱిలోనే పెరుగును, ఎల్‌డీహెచ్ పలు రోగములలో పెరుగును.

వృషణ క్యాన్సరు కణములు సామాన్యముగ గర్భస్థపిండపు తొలిదినముల కణములను బోలియుండును. పందొమ్మిదవ క్రోమోజోముమీద 371 మొదలు 373 వఱకుగల మైక్రో ఆర్‌ఎన్‌ఏల గుంపొకటి ఆ పిండకణములలో మేల్కొనియుండి, శరీరము రూపొందిన పిమ్మట దాదాపు మూగవోవును. వృషణ క్యాన్సరు వంటి బీజకణముల క్యాన్సరులలో అది మరల మేల్కొనును. 2006లో నెదర్లాండ్సు శాస్త్రజ్ఞులు 372, 373 లు వృషణపు కంతులను బెంచుటకు తోడ్పడుచున్నవని చూపిరి. 2010లో కేంబ్రిడ్జి బృందము, రోగి పిల్లవాడైనను పెద్దవాడైనను, కంతి యే యవయవమున నున్నను, ప్రాణాంతకమైన బీజకణ క్యాన్సరులన్నిటిలో నా గుంపు పెరుగుచున్నదని చూపినది. 2019లో డీక్‌మాన్ మొదలగు జర్మను వైద్యులు 616 మంది రోగులను, 258 మంది యితరులను పరీక్షించి, ఆ గుంపులోని 371ఏ-3పీ యనునది రోగులలో 90.1 శాతమును రోగులనియు, ఇతరులలో 94.0 శాతమును రోగరహితులనియు సరిగ చెప్పినదని ప్రకటించిరి. పరీక్షావిధానము మనకందఱకును కోవిడు దినములలో పరిచితమైన ఆర్‌టీ-పీసీఆరే. కంతిని తొలగించిన పిమ్మట దీని పరిమాణము వేగముగ తగ్గును. వ్యాధి తిరుగబెట్టినపుడు మరల పెరుగును.

అన్నిటికంటె నన్నాకర్షించినది దీని మౌనము. వృషణపు కంతులలో టెరటోమా యనునది కలదు. దానిలోని కణములు పిండావస్థను దాటి, చర్మముగను మృదులాస్థిగను వెండ్రుకగను మారియుండును. 371 దానినిగూర్చి పలుకదు. ఇది పరీక్షలోపముగ తోచవచ్చును గాని, పిండకణముననే మేల్కొనునది పరిణతకణమున నిద్రించుట న్యాయమే. ఎప్పుడు మాటలాడునో, ఎప్పుడు మాటలాడదో, ఏల మాటలాడదో మూడును తెలిసిన సూచికలు వైద్యమున బహు కొలది. అందుచేతనే కీమోథెరపీ ముగిసిన పిమ్మట కడుపులో గడ్డలు మిగిలినచో, 371 లేదని ధైర్యపడి ఊరకుండరాదు; ఆ గడ్డలు చచ్చిన కణజాలము కావచ్చును, టెరటోమా కావచ్చును; టెరటోమా యైనచో శస్త్రచికిత్స తప్పదు.

తొలిదశలోని సెమినోమాకు శస్త్రచికిత్సయైన పిమ్మట వంద మందిలో పదునైదుగురు మొదలు ఇరువదిమందికి వ్యాధి తిరుగబెట్టును. ఎవరికని ముందుగ తెలియనందున అందఱికిని ఏండ్ల తరబడి సీటీ స్కానులు తీయుచు కనిపెట్టి యుందురు. ఇరువదియైదేండ్ల యువకుని శరీరమున మాటిమాటికి పడు వికిరణము స్వల్పమైనది కాదు, ప్రతి స్కానునకు ముందు ఇల్లాలును తల్లియు పడు వ్యథయు స్వల్పమైనది కాదు. అమెరికాలో ఎస్1823 అను పేర సాగుచున్న పరిశీలన, క్రొత్తగ రోగము తెలిసినవారి రక్తమును కాలక్రమమున సేకరించి, స్కాను చూపుటకు ముందే 371 పునరాగమనమును తెలుపగలదా యని విచారించుచున్నది. తెలుపగలదని తేలినచో, ఆ యువకులలో బహుమందికి స్కానులలో పెక్కింటిని మానిపించి, చేతినుండి తీసిన రక్తముతోనే సరిపెట్టవచ్చును.