లారీల దారి వీడి... రామగిరి ఒడికి
బొగ్గు గడ్డపై సైకిల్ యాత్రకు మార్గం ఎంచుకోవడం ఎలా?

గోదావరిఖని: ఒకనాడు ఈ పట్టణంలో తెల్లవారకముందే సైకిల్ గంటలు మోగేవి. టిఫిన్ డబ్బాను హ్యాండిల్‌కు తగిలించుకొని కార్మికులు గనుల బాట పట్టేవారు. గని ఆవరణలో మొదట కనిపించేది సైకిల్ స్టాండే. ద్విచక్రవాహనాల రాకతో ఆ స్టాండ్లు మోటారు సైకిళ్లతో నిండిపోయాయి. ఇప్పుడు సైకిల్ మరో రూపంలో తిరిగివస్తోంది. ఆరోగ్యం కోసం, ఆహ్లాదం కోసం తొక్కేవారు పారిశ్రామిక ప్రాంతంలోనూ కనిపిస్తున్నారు. సెలవు రోజున పొగ, ధూళి లేని చోటికి, గుట్టల నడుమకు వెళ్లాలన్నది వారి కోరిక. అటువంటి చోట్లు దూరంగా లేవు. చిక్కంతా అక్కడికి చేర్చే దారితోనే.

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. మృతుల్లో సైకిల్‌పై వెళ్లేవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఇక బొగ్గు, బూడిద, సిమెంటు, ఎరువులు, కంకర... ఇవన్నీ లారీలకెక్కే రామగుండం ప్రాంతంలో సైకిలిస్టు మరింత జాగరూకత వహించక తప్పదు. అందమైన దారి ఏదన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఆ దారిలో ఏ వాహనాలు, ఏ వేళల్లో తిరుగుతాయన్నది మొదటి ప్రశ్న.

గుట్టలన్నీ గుట్టలు కావు

కొత్తగా వచ్చినవారిని ఇక్కడి దృశ్యం తికమక పెడుతుంది. యైటింక్లైన్ కాలనీ, సెంటినరీ కాలనీ పరిసరాల్లో ఎత్తుగా, మెట్లు మెట్లుగా కనిపించేవన్నీ ప్రకృతి సృష్టించిన కొండలు కావు. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గుపై ఉన్న మట్టిని, రాతిని తవ్వి పోసిన కుప్పలవి. వీటినే ఓబీ డంపులని పిలుస్తారు. కొన్నింటిపై మొక్కలు పెరగడంతో దూరం నుంచి పచ్చని గుట్టల్లా తోస్తాయి. పైకి వెళ్లే బాట కూడా కనిపిస్తుంది. అయినా అటు సైకిల్ తిప్పరాదు. మట్టి వదులుగా ఉండి వర్షాలకు జారుతుంది. పైగా అది గని ఆవరణ. బయటివారికి ప్రవేశం లేదు.

లోపలి హాల్ రోడ్లపై 60 టన్నులు, 100 టన్నుల సామర్థ్యం గల డంపర్లు తిరుగుతుంటాయి. ఆ ఎత్తున కూర్చున్న డ్రైవరుకు బండి ముందు, పక్కన కొంత మేర నేల కనిపించదు. ఆ పరిధిలో జీపు ఉన్నా గుర్తించడం కష్టం. సైకిల్ సంగతి చెప్పనవసరం లేదు.

పేలుళ్ల విషయం మరొకటి. 2017 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం పేలుడు జరిపే స్థలం చుట్టూ 500 మీటర్ల వరకు ప్రమాద పరిధిగా పరిగణిస్తారు. గని అంచున వెళ్లే రోడ్డుపై సైరన్ వినిపించినా, ఎర్రజెండా పట్టిన గార్డు నిలిపినా ఆగాల్సిందే. ‘ఒక్క నిమిషంలో దాటేస్తా’ అన్న తొందర పనికిరాదు.

భూగర్భ గనులున్న చోట మరో జాగ్రత్త అవసరం. కింద బొగ్గు తీసిన ప్రాంతాల్లో పైనేల కుంగి, పగుళ్లు ఏర్పడే అవకాశముంది. హెచ్చరిక బోర్డులు, కంచెలు ఉన్న ఖాళీ భూముల మీదుగా అడ్డదారి తొక్కడం ప్రమాదకరం. పాత పటాలను నమ్మడమూ మంచిది కాదు. ఓపెన్‌కాస్టులు విస్తరించే కొద్దీ ఊళ్లతోపాటు రోడ్లూ మారతాయి. పటంలో దారి ఉన్నచోట గని ఉండవచ్చు.

షిఫ్టు గడియారమే మార్గదర్శి

ఈ ప్రాంతంలో రోడ్డు స్వభావం గంట గంటకూ మారుతుంది. గనుల్లో షిఫ్టులు ప్రధానంగా ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 గంటల ప్రాంతంలో మారతాయి. గనిని బట్టి కొంత తేడా ఉంటుంది. ఆ సమయానికి ముందూ వెనకా అరగంట పాటు కార్మికుల బస్సులు, మోటారు సైకిళ్లు ఒక్కసారిగా రోడ్డెక్కుతాయి. రాత్రి షిఫ్టు దిగినవారు నిద్రలేమితో ఇంటికి వెళుతుంటారు. ఎదురుగా ఆలస్యమవుతోందన్న ఆత్రుతతో వచ్చేవారుంటారు. వీరి మధ్య సైకిల్ తొక్కడం క్షేమం కాదు.

అందువల్ల కాలాన్ని బట్టి వేళను నిర్ణయించుకోవాలి. వేసవిలో ఉదయం 6 గంటలలోపే సూర్యోదయమవుతుంది. వెలుగు రాగానే బయలుదేరితే రద్దీ మొదలయ్యేలోగా గనుల పరిసరాలు దాటిపోవచ్చు. శీతాకాలంలో పరిస్థితి తారుమారు. జనవరిలో సూర్యుడు ఉదయించేసరికి ఆరున్నర దాటుతుంది. గోదావరి తీరంలో పొగమంచు అదనం. అంటే వెలుగు, షిఫ్టు రద్దీ ఒకేసారి వస్తాయి. చీకట్లో బయలుదేరడం కన్నా ఏడున్నర వరకు ఆగి, రద్దీ తగ్గాక కదలడం ఉత్తమం. ఏ కాలమైనా మధ్యాహ్నం రెండు గంటలలోపు ఇల్లు చేరేలా ప్రణాళిక ఉండాలి.

ఆదివారం కార్మికుల్లో చాలామందికి వారాంతపు సెలవు. రోడ్లపై షిఫ్టు సందడి తగ్గుతుంది. అయితే బొగ్గు, బూడిద రవాణా పూర్తిగా ఆగుతుందని భావించరాదు. లారీలు తక్కువగా ఉన్న రోజున వచ్చే లారీ మరింత వేగంగా వస్తుంది.

ఏ దారి ఎలాంటిది?

రాజీవ్ రహదారి: హైదరాబాద్ నుంచి కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం చేరే ప్రధాన మార్గమిది. రోడ్డు విశాలంగా, నున్నగా ఉంటుంది. అదే దీని లోపం కూడా. బస్సులు, కార్లు, సరకు లారీలు పూర్తి వేగంతో దూసుకుపోతాయి. నాలుగు వరుసల రోడ్డు కదా అని సైకిల్ యాత్రకు దీనిని ఎంచుకోవడం సరికాదు. దాటవలసి వచ్చినప్పుడు కూడలి వద్ద సైకిల్ దిగి, నడిపించుకుంటూ దాటాలి.

గోదావరి తీరం: అంతర్గాం మండలంలోని గోలివాడ, ఎల్లంపల్లి వైపు దారి చాలావరకు సమతలంగా ఉంటుంది. 20.175 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించిన శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం నిండిన వేళ కనులపండువగా ఉంటుంది. కొత్తగా సైకిల్ తొక్కేవారికి, పిల్లలతో వెళ్లేవారికి ఎత్తుపల్లాలు లేని ఈ మార్గం అనుకూలం. అయితే విద్యుత్ కేంద్రం బూడిద చెరువు ఉన్న కుందనపల్లి వైపు బూడిద లారీల రాకపోకలు ఉంటాయి. ఆ భాగాన్ని ముందుగా పరిశీలించుకోవాలి. లారీల నుంచి రాలిన సన్నని బూడిద ఎండలో కంట్లో పడుతుంది, వానలో చక్రాన్ని జార్చుతుంది.

రామగిరి మార్గం: గుట్టల నడుమ తొక్కాలనుకునేవారికి ఈ ప్రాంతంలో దీనికి మించినది లేదు. పెద్దపల్లి నుంచి మంథని వెళ్లే రోడ్డులో సుమారు 20 కిలోమీటర్ల దూరాన బేగంపేట వద్ద రామగిరి ఖిల్లా ఉంది. చుట్టూ అడవి, పొలాలు, చెరువులు. శ్రీరాముడు ఇక్కడ సంచరించాడని స్థానికుల విశ్వాసం. గుట్టపై కోట గోడలు, బురుజులు నేటికీ కనిపిస్తాయి. ఔషధ మొక్కలకు పేరొందిన ఈ గుట్టలకు శ్రావణ మాసంలో సందర్శకులు విశేషంగా తరలివస్తారు. దారిలో కమాన్‌పూర్‌లో ఆదివరాహస్వామి ఆలయం ఉంది.

బయలుదేరే చోటే కీలకం

రామగిరికి గోదావరిఖని నుంచి నేరుగా తొక్కుకుంటూ వెళ్లాలని చాలామంది భావిస్తారు. ఈ యాత్రలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. పట్టణం నుంచి యైటింక్లైన్ కాలనీ దాటే వరకు ఉన్న భాగం గనుల పక్క నుంచి సాగుతుంది. ఆ తర్వాత దారి ప్రశాంతమవుతుంది. మొత్తం ప్రయాణంలో ముప్పు ఎక్కువగా ఉన్నది మొదటి కొద్ది కిలోమీటర్లలోనే అయినప్పుడు వాటిని తొక్కి తీరాలన్న పట్టుదల దేనికి? నలుగురు కలిసి ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకొని, సైకిళ్లను కమాన్‌పూర్ వరకు చేర్చుకొని అక్కడి నుంచి యాత్ర ప్రారంభించవచ్చు. లేదంటే పెద్దపల్లి నుంచి బయలుదేరవచ్చు. కొందరికి ఇది చిన్నతనంగా తోచవచ్చు. కానీ తిరిగి వచ్చేటప్పుడు అలసిన కాళ్లతో, తగ్గిన ఏకాగ్రతతో దాటవలసింది కూడా ఆ లారీల రోడ్డేనన్నది మరువరాదు.

బేగంపేట చేరాక సైకిళ్లను ఊరిలోనే భద్రపరచి, గుట్టను కాలినడకనే ఎక్కాలి. రాళ్ల బాటలో సైకిల్‌ను మోసుకెళ్లడం వృథా ప్రయాస. వానాకాలంలో పెద్దపల్లి మండలం సబ్బితం జలపాతం వైపు కూడా చాలామంది వెళుతుంటారు. అక్కడి బండలు నాచుతో జారుతుంటాయి. గుట్టల అంచున కంకర క్వారీలు, క్రషర్లు ఉన్నచోట టిప్పర్లు మలుపుల్లో హఠాత్తుగా ఎదురవుతాయి.

ఎక్కడం కష్టం... దిగడం ప్రమాదం

వంద మీటర్ల దూరానికి ఐదు మీటర్ల ఎత్తు పెరిగితే దానిని 5 శాతం వాలు అంటారు. మన రహదారుల నిర్మాణ ప్రమాణాల్లో మైదాన ప్రాంతాలకు సాధారణ పరిమితి 3.3 శాతం కాగా, కొండ ప్రాంతాలకు 5 శాతం. అంకెలో తేడా స్వల్పమే. గేర్లు లేని సైకిల్‌పై మాత్రం తొడలకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఊపిరి అందనప్పుడు దిగి నడిపించుకుంటూ వెళ్లడం నామోషీ కాదు.

ఎక్కేటప్పుడు మహా అయితే అలసట. పడిపోయేది దిగేటప్పుడే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగేందుకు పట్టే దూరం నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో తేలికగా ఆగే సైకిల్, వాలులో 40కి చేరితే మలుపు వద్ద అదుపు తప్పుతుంది. వాలు మొదలుకాకముందే వేగం తగ్గించాలి. రెండు బ్రేకులూ విడతలు విడతలుగా నొక్కాలి. కంకర ఉన్నచోట ముందు బ్రేకును గట్టిగా పట్టరాదు. మార్గం ఎంపికలో కూడా ఈ సూత్రం పనికొస్తుంది. చుట్టి వచ్చే దారి అయితే గతుకుల వైపు నుంచి ఎక్కి, రోడ్డు బాగున్న వైపు నుంచి దిగేలా చూసుకోవాలి.

రైలు పట్టాల వద్ద మరో మెలకువ అవసరం. గనుల నుంచి ఎన్టీపీసీకి బొగ్గు చేరవేసే ఎంజీఆర్ రైలు మార్గాలు ఈ ప్రాంతంలో ఉన్నాయి. పట్టాలను ఏటవాలుగా దాటితే సన్నని చక్రం సందులో ఇరుక్కుంటుంది. నిటారుగా, నెమ్మదిగా దాటాలి. తడిసిన పట్టాలపై దిగి నడవడమే మేలు.

పది నిమిషాల పరీక్ష

ఏ మార్గమైనా మొదటిసారే సైకిల్‌పై వెళ్లడం సరికాదు. అదే రోజున, అదే వేళకు ఒకసారి బస్సులోనో మోటారు సైకిల్‌పైనో వెళ్లి చూడాలి. మలుపు దగ్గర పది నిమిషాలు నిలబడి లారీలు, టిప్పర్లు ఎన్ని వెళ్లాయో లెక్కించాలి. రెండు మూడుకు మించితే వేళ మార్చాలి లేదా దారి మార్చాలి. లారీ వచ్చినప్పుడు సైకిల్ దింపేందుకు రోడ్డు పక్కన గట్టి నేల ఉందా, అంచు కోసుకుపోయి గొయ్యి పడిందా అన్నది గమనించాలి. ఇంగ్లండ్‌లో 2022లో సవరించిన రహదారి నియమావళి ప్రకారం గంటకు 30 మైళ్ల వరకు వేగంతో సైకిలిస్టును దాటే వాహనం కనీసం ఒకటిన్నర మీటర్ల ఎడం పాటించాలి. మన ఊరి రోడ్డుపై అంత ఎడం దొరుకుతుందా అని చూసుకుంటే దారి భద్రత ఎంతో తెలిసిపోతుంది.

రోడ్డు పక్క చాయ్ హోటల్‌లో రెండు మాటలు అడిగితే పటంలో లేని సంగతులు తెలుస్తాయి. ఏ కల్వర్టు కోసుకుపోయింది, ఏ క్వారీ కొత్తగా మొదలైంది, ఎక్కడ కుక్కల బెడద ఉంది అన్నవి స్థానికులకే తెలుసు. వర్షాకాలంలో కల్వర్టుపై నీరు పారుతుంటే లోతు ఎంతని అడగనవసరం లేదు. వెనుదిరగడమే మార్గం.

బయలుదేరే ముందు

* నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది కనుక ఉదయం 9 గంటలలోపే ముగించాలి.
* ముదురు రంగు దుస్తులు బొగ్గు ధూళిలో కలిసిపోతాయి. పసుపు, నారింజ వంటి మెరిసే రంగులు ధరించాలి. హెల్మెట్, వెనుక ఎర్ర దీపం తప్పనిసరి.
* పొలాల గట్ల వెంబడి తుమ్మ ముళ్లు ఎక్కువ. అదనపు ట్యూబు, గాలిపంపు, పంక్చరు సామగ్రి వెంట ఉండాలి.
* ఒక్కరుగా వెళ్లరాదు. పక్కపక్కన కాక ఒకరి వెనుక ఒకరు తొక్కాలి. చెవుల్లో పాటలు వద్దు. వెనుక నుంచి వచ్చే లారీని ముందుగా పసిగట్టేది చెవులే.
* వెళ్లే దారి, తిరిగి వచ్చే సమయం ఇంట్లో చెప్పాలి. అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి. గోదావరిఖని, పెద్దపల్లి, మంథనిలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

గనికి వెళ్లే మనిషి క్షేమంగా ఇంటికి తిరిగి రావాలని కోరుకునే ఇళ్లు ఈ ప్రాంతంలో వీధి వీధినా ఉన్నాయి. సెలవు రోజున సరదాగా సైకిలెక్కిన మనిషికీ ఆ కోరికే వర్తిస్తుంది. దారి కాస్త చుట్టు అయినా సరే, లారీ లేని దారే దగ్గరి దారి.